చిత్తు గూట్లో పది ఉత్తరాలు

అమ్మడికి మామయ్య దీవెనలు,

ఇక్కడ మేం బాగున్నాం, మీ అత్తయ్య మోకాలు తప్ప. నువ్వూ ఆ దీవి మీద గాలినీ వాననూ కొలుచుకుంటూ కులాసాగా ఉన్నావనుకుంటాను.

లాంచీ ఎక్కేముందు నా చేతిలో లాప్‌టాప్ పెట్టి, "అక్కడ సిగ్నల్ ఉండదు మామయ్యా, ఈ మూడు నెలల్లో నా ఈమెయిల్ పెట్టె కాస్త సర్దిపెట్టు. ఉత్తరాలు సర్దడంలో నీ తర్వాతే ఎవరైనా" అన్నావు. ముప్పై ఎనిమిదేళ్ళు తపాలా ఆఫీసులో సార్టింగ్ చేసినవాణ్ణి, పొంగిపోయాను. నాలుగు రోజుల కిందట పెట్టె తెరిచాను. నలభై ఒక్క వేల మూడు వందల ఆరు ఉత్తరాలు! మంచినీళ్ళు అడిగాను. మీ అత్తయ్య గ్లాసు తెచ్చి, ఆ అంకె చూసి, నీళ్ళు తనే తాగేసింది.

మా ఆఫీసులో ఒక్క కవరు మిగిలినా ఇంటికి పోనిచ్చేవారు కాదు. మా పెద్ద సార్టరైతే విందులకి వెళ్ళినా ఊరుకునేవాడు కాదు, కూర్చున్నవాళ్ళని లేపి ఊళ్ళవారీగా మళ్ళీ కూర్చోబెట్టేవాడు. మొగుడూ పెళ్ళాలు వేరువేరు బల్లల దగ్గర పడేవారు. విచిత్రం ఏమిటంటే, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

సరే, అసలు సంగతి. ఆ నలభై వేలలో మీ అక్క నుంచి ఒక్కటైనా ఉంటుందేమోనని ముందు అదే వెతికాను. లేదు. మీరిద్దరూ మాట్లాడుకుని నాలుగేళ్ళయింది. నేనేం అనను. కానీ ఎవరో చెప్పుల కొట్టువాళ్ళు మూడేళ్ళుగా నీకు రోజూ రాస్తున్నారు, నువ్వు చూడక బెంగగా ఉందని కూడా రాశారు. వాళ్ళకీ జవాబివ్వలేదే! "పిల్ల దీవి మీద ఉంది, కులాసా, కాళ్ళు కూడా బాగానే ఉన్నాయి" అని నేనే రాశాను.

మామయ్య

తా.క. పాస్‌వర్డ్ "మామబట్టతల" అని పెట్టడమేమిటే? రోజుకి నాలుగుసార్లు నా వేళ్ళతో నేనే టైపు చేసుకోవాల్సివస్తోంది.

*

మామయ్యకు నమస్కారాలు,

గురువారం లాంచీలో నీ ఉత్తరం అందింది. చదివి బల్ల మీద తల వాల్చేశాను. ఆ చెప్పుల కొట్టు ఉత్తరాలు మనుషులు రాసేవి కావు మామయ్యా! యంత్రం అందరికీ అదే రాస్తుంది. దానికి నా కాళ్ళ క్షేమం ఎందుకు? అలాంటివన్నీ కనికరం లేకుండా పారెయ్యి. ఒకే ఫొటో నాలుగుసార్లు ఉంటే మూడు తీసెయ్యి. మేఘాల ఫొటోలు మాత్రం ముట్టుకోకు. అన్నీ ఒకేలా ఉన్నాయని నీకనిపిస్తుంది, కావు.

నేను రాసినవి మాత్రం ఒక్కటీ పారెయ్యొద్దు. నేను వచ్చేసరికి "పంపినవి", "మేఘాలు" అన్న గూళ్ళు తప్ప మిగతా ప్రతి గూడూ సున్నా చూపించాలి.

ఇక అక్క సంగతి. తన పెళ్ళి విందుకి వాన రాదన్నాను. వచ్చింది. డేరా కూలి వాళ్ళ అత్తవారంతా తడిసి ముద్దయ్యారు. రెండు వందలమంది ముందు "ఆకాశం చూడ్డానికి జీతం తీసుకుంటావు, సిగ్గులేదూ?" అంది. తప్పు మబ్బుది, తిట్లు నాకు. తను రాస్తే నేను రాస్తాను. ఇక ఆ ఊసు ఎత్తకు.

నీ అమ్మడు

తా.క. నీ బట్టతల ఊరందరికీ తెలుసు. అందుకే పాస్‌వర్డ్ అదేనని ఎవడికీ తట్టదు.

*

అమ్మడికి దీవెనలు,

పని ముగిసింది! నలభై వేల పైచిలుకు పారేశాను. చెప్పుల కొట్టుని పారేసేటప్పుడు మాత్రం మనసు కాస్త ఇదయింది. మేఘాలు ఆరు వందల పన్నెండు, అన్నీ భద్రం. అన్నీ ఒకేలా ఉన్నాయి.

అయితే నిన్న ఒక ఘోరం చూశాను. ఎడమ పక్కన, "చిత్తుప్రతులు" అని ఒక గూడు. అందులో పది ఉత్తరాలు. నువ్వు రాసినవే. చిరునామా ఉంది, పోస్టు చెయ్యలేదు! కొన్ని నాలుగేళ్ళ నాటివి.

ఒకసారి మా ఆఫీసులో బీరువా జరిపితే వెనక తొమ్మిదేళ్ళ నాటి కవరు దొరికింది. ఆఫీసంతా లేచి నిలబడ్డాం. ఆ పెద్దమనిషి మూడు ఊళ్ళు మారాడు, వెతికి పట్టుకుని ఇచ్చాం. లోపల "రేపు సాయంత్రం టీకి రండి" అని ఉందట. ఆయన ఆ మర్నాడే వెళ్ళాడట కూడా.

అది చూసినవాణ్ణి, ఇది చూసి ఎలా ఊరుకుంటాను? నువ్వు రాసినవి పారెయ్యొద్దన్నావు. గూడు సున్నా కావాలన్నావు. ఇంకేం దారుంది చెప్పు? పదీ పంపేశాను. గూడు సున్నా!

మామయ్య

తా.క. ఒట్టు, ఒక్కటీ చదవలేదు. పైన చిరునామా చూశానంతే. ఒకటి మీ పై అధికారికి, తొమ్మిది మీ అక్కకి. పాతది ముందు, కొత్తది వెనక, వరస తప్పకుండా పంపాను.

*

మామయ్యా!!

నమస్కారం తర్వాత. ఏం పని చేశావు మామయ్యా! రేవు మీదే నీ ఉత్తరం చదివి అక్కడే చేపల పెట్టె మీద కూలబడ్డాను. లాంచీ అతను ఎవరో పోయారనుకుని టోపీ తీశాడు.

అవి పంపడానికి రాసినవి కావు! కోపం దిగడానికి రాసుకుని, అక్కడ వదిలేసినవి! మా అధికారి కిటికీ తెరిచి బయటికి చూడకుండానే వాతావరణం చెబుతాడని ఆయనకి రాసినదాంట్లో కడిగేశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అక్కకి రాసిన మొదటిదాంట్లో, "మీ అత్తగారు ఆ రోజైనా తడవకపోతే జన్మలో ఒంటి మీద నీళ్ళు పడేవి కావు" అని ఉంది. అయ్యో!

అది కూడా పోనీ. ఎనిమిదోది, మామయ్యా, ఎనిమిదోది అక్క చదవకూడదు. అది చదివితే ఇక ఈ జన్మకి నాకు అక్క లేనట్టే. నీకు దండం పెడతాను, వెంటనే వాళ్ళింటికి వెళ్ళు. తను మెయిల్ చూడదు, చూసినా ఆలస్యంగా చూస్తుంది. ఎలాగైనా తీయించెయ్యి.

నీ అమ్మడు

తా.క. ఈ రోజు గాలి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ నా గుండె వేగం రాశాను.

*

అమ్మడికి,

ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో, పోస్టు చెయ్యకుండా ఉండటానికే మనుషులు ఉత్తరాలు రాస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ నా చేతికి వచ్చినవి సగమేనన్నమాట. రెండు రోజులు అన్నం సహించలేదు.

నీ ఉత్తరం అందగానే మీ అక్క బ్యూటీ పార్లర్‌కి పరిగెత్తాను. ఒకావిడ సగం కత్తిరించిన జుట్టుతో కుర్చీలో కూర్చునుంది. మీ అక్క ఫోను పట్టుకుని పైకి చదువుతోంది.

"రా మామయ్యా, కూర్చో. ఏడోది అయింది."

"అమ్మా, ఆ ఎనిమిదోది..."

"ష్," అంది సగం జుట్టావిడ. "ఇప్పుడే కాస్త మెత్తబడుతోంది."

మీ అక్క నా వైపు వేలు చూపించింది. "మా అత్తగారు స్నానం చెయ్యదటా?"

"అది పాతదమ్మా."

"నాలుగోదాంట్లో నేను బండరాయినట. ఆరోదాంట్లో బండరాయి తనేనట. ఏదో ఒకటి తేల్చుకోమను." అని ఎనిమిదోది మొదలుపెట్టింది. "అక్కా, ఆ రోజు పొద్దున్నే మబ్బు చూశాను. వాన ఖాయమని నాకు తెలుసు. నువ్వు చీర కట్టుకుని అద్దం ముందు నవ్వుతున్నావు. ఆ నవ్వు పోగొట్టలేక రాదని చెప్పాను."

సగం జుట్టావిడ ముక్కు చీదింది. మీ అక్క ఫోను బల్ల మీద పెట్టి, కత్తెర తీసుకుని, ఆవిడ జుట్టు పూర్తిచేసింది. అడిగినదానికంటే నాలుగు వేళ్ళు పొట్టిగా. ఆవిడ కిక్కురుమనలేదు.

తర్వాత తొమ్మిదోది తెరిచింది. అందులో "అక్కా" అని తప్ప ఏమీ లేదు. దాన్నే అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది. "లాంచీ ఎన్ని గంటలకి?" అంది.

మీ అధికారి జవాబు కూడా వచ్చింది. కిటికీ తెరిచాడట, రెక్క ఊడి చేతికొచ్చిందట. అది బాగయ్యేదాకా నిన్ను దీవి మీదే ఉండమన్నాడు.

ఈ కవరు మీద స్టాంపు లేదు, చూశావా? తపాలా శాఖకి నేను చేసిన మొదటి ద్రోహం ఇది. మనిషి చేతికిచ్చి పంపాను. నీకిది తెచ్చి ఇచ్చినామె నీ ఎదురుగానే ఉండాలి. ఉత్తరం మడిచి తలెత్తు.

మామయ్య

తా.క. ముందు తిడుతుంది. ఓర్చుకో. లాంచీ మళ్ళీ గురువారం దాకా రాదు, ఇద్దరికీ పారిపోయే దారి లేదు. అది చూసుకునే టికెట్ తీశాను.