నెమలి కంఠం

ధర్మవరం,
ఆగస్టు 11, 2025.

హిందూపురంలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్న మిత్రుడు శ్రీనివాసులుకు, ఒకప్పుడు నీ పక్క మగ్గం గుంతలో కూర్చుని నీతో పాటే నేత నేర్చుకున్న ఆదెప్ప నమస్కరించి రాస్తున్నాను. నువ్వూ నీ ఇంటివాళ్ళూ చల్లగా ఉండాలి. మేమూ బాగున్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నమ్మబోకు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే నన్ను మాట పూర్తి చేయనిస్తావా? మధ్యలో మెగాపిక్సెళ్ళు దూరతాయి. కాగితం మీదైతే నువ్వు నోరు మూసుకుని చదవాల్సిందే.

ఉగాది ముందు నీ దుకాణానికి వచ్చి నేను అడిగింది ఏమిటి? పాత ఫోను బ్యాటరీ ఉబ్బింది, అట్లాంటిదే ఇంకొకటి ఇవ్వమన్నాను. నువ్వు దాన్ని రెండు వేళ్ళతో చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు పట్టుకుని, ఏమబ్బా, ఇంకా ఈ డబ్బా పెట్టుకోని తిరుగుతాండావా, చీరల ఫోటోలు పంపి బేరం చేసుకునేవానికి కెమెరా ఉండొద్దా అన్నావు. ఇక మొదలుపెట్టావు. రెండు వందల మెగాపిక్సెళ్ళంట, పన్నెండు జీబీ ర్యామంట, నడిమధ్యాహ్నం ఎండలో కూడా ధగధగలాడే తెరంట. పురోహితుడు గోత్రనామాలు చదివినట్టు గుక్క తిప్పుకోకుండా చదివావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసి తీసుకున్నాను.

ఆ ఫోనుతో నేను పడ్డ పాట్లు నీకు చెప్పలేదా? పట్టు లాగి లాగి అరిగిన నా వేలిని అది గుర్తుపట్టదు. శారదమ్మ ఫోన్ చేస్తే ఎత్తబోయి కట్ చేసేస్తాను. అక్షరాలు చీమల్లా పాకుతాయి. అన్నిటికన్నా పెద్ద బాధ, ఆ తెర మీద ఎప్పుడూ పొగ కమ్మినట్టు ఉంటుంది. నేను ఇది నీకు చెప్పాను శీనా, ఒకసారి కాదు. అట్లెట్లా ఉంటాది, దాని వెలుగు ఎంతుండాదో తెలుసా నీకు అని ఏదో వేలల్లో అంకె చెప్పావు. నేను కనపడలేదంటే నువ్వు అంకె చెబుతావు. ఆకలైన వాడికి పొయ్యి ఎంత పెద్దదో చెప్పినట్టుంది నీ జవాబు.

సరే, అదంతా ఓర్చుకున్నాను. శారదమ్మ సంగతి ఓర్చుకోలేను.

పెనుకొండ శారదమ్మ నీకు తెలుసు. ఆమె ఇంట్లో పెండ్లి చీర నా మగ్గం మీద తప్ప ఇంకెక్కడా నేయించలేదు. మొన్న కూతురు సుచిత్ర పెండ్లికి నెమలి కంఠం రంగు కావాలంది. నిలువునా నీలం పడుగు, అడ్డంగా ఆకుపచ్చ పేక పోసి నేస్తే, ఇట్లా తిప్పితే నీలం, అట్లా తిప్పితే పచ్చ. మన ఊరి చీరకు ప్రాణమే ఆ జోడు రంగు. పేక వేసే వారాల్లో నా పెండ్లాం గౌరి తన చెల్లెలి కాన్పుకని కదిరి పోయింది. ఏడాదిగా పక్కన కూర్చుని పేక పట్టు చుట్టిన కండెలు చేతికందించేది తనే. ఈసారి తను ఈ చీరకు పచ్చ కండెలూ, తర్వాతి చీరకు నీలం కండెలూ చుట్టిపెట్టి పోయిన గంపలోంచి నేనే తీసుకుని, తిండి మరిచిపోయి నేశాను. మడత తిప్పి చూస్తే పచ్చ మెరిసింది. ఒట్టు శీనా, నా కళ్ళకు మెరిసింది.

నీ ఫోనులో ఫోటో తీసి పంపాను. ఆమె వెంటనే ఫోన్ చేసి, ఏమప్పా, ఇది ఒట్టి నీలం కదా, పచ్చ యాడుండాది అంది. పాత ఫోనులో అన్ని చీరలూ మసకగా పడేవి. అందుకని రంగు నేను నోటితో చెప్పేవాణ్ణి, వాళ్ళు నమ్మేవాళ్ళు. ఇప్పుడూ అట్లాగే, ఫోటోను నమ్మద్దమ్మా, నా మాట నమ్ము, చీర చేతికొచ్చినాక చూడు అన్నాను. నా మాట మీద తెప్పించుకుంది. మరునాడే వెనక్కి పంపింది. పంపేముందు తన ఫోనులో ఫోటో తీసి పెట్టింది. అదీ నీ దుకాణంలో కొన్నదే, ఇదే రకం. దాంట్లోనూ ఒట్టి నీలమే. ఫోటో నిజమే చెప్పింది, అబద్ధం ఆడింది నువ్వే ఆదెప్పా అంది. సుచిత్రకు బజారులో చీర కొన్నారంట.

నన్ను తిట్టినవాళ్ళున్నారు, ఆలస్యం చేస్తావని అరిచినవాళ్ళున్నారు. రంగులో అబద్ధం ఆడావని మాత్రం ఎవ్వరూ అనలేదు. ఆ మాట విన్నాక రెండు రోజులు మగ్గం ఎక్కలేకపోయాను.

అప్పుడు నీకు ఫోన్ చేసి నేను అడిగింది ఒక్కటే. పెనుకొండ దాకా వచ్చి, ఈ కెమెరా జోడు రంగును చంపేస్తుందమ్మా అని శారదమ్మతో ఒక్క మాట చెప్పమన్నాను. నువ్వేమన్నావు? నవ్వావు. రెండు వందల మెగాపిక్సెళ్ళు తప్పు చూపిస్తాయా, పోయి నీ కండ్లు చూపిచ్చుకోపో అన్నావు. అనేసి, ఎవరో గిరాకీ వచ్చారని ఫోన్ పెట్టేశావు.

నేతగాడితో ఆ మాట అనొచ్చునా? మగ్గం ఎక్కి దిగినవాడివి, నీకైనా తెలియదా? పరాయివాడు అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. నీ ఫోను నీకు తిరిగి పంపుతున్నాను. నీ అంకెలు నీ దగ్గరే పెట్టుకో. నీ దుకాణం గడప ఇక తొక్కను.

ఒకప్పుడు నీవాడు,
ఆదెప్ప.

తా.క.: ఈ ఉత్తరం అంటించేలోపు గౌరి కదిరి నుంచి వచ్చింది. కోపంగానే అంతా చదివి వినిపించాను. తను లోపలికి పోయి గంపలో మిగిలిన కండె ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టి, ఇది ఏం రంగు అంది. నీలం అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది ఆకుపచ్చంట. పచ్చ అనుకుని నేను తీసిన నీలమంతా చీరలోకి పోయిందంట. పోయినేటి నుంచి కండెలు నేనే ఏరి నీ చేతికి ఎందుకు అందిస్తాండాననుకున్నావు, చెప్తే నువ్వు మగ్గం దిగి బతకవని చెప్పలేదు అంది.

నువ్వు ఎగతాళిగా అన్న మాటే నిజమైంది. నీ ఫోను అబద్ధం చెప్పలేదు, శారదమ్మా చెప్పలేదు. రేపు కంటి డాక్టరు దగ్గరికి పోతున్నాం. ఈ ఉత్తరం చించేయమని గౌరి అంటోంది. నేను చించను, ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాను. పొగ కమ్మినట్టు ఉంటోందని నేను మొట్టమొదట చెప్పుకున్నది నీకే శీనా. నువ్వు నాకు తెర వెలుగు ఎంతో చెప్పావు.