మిగల్లేదన్న గుడ్డ

జగ్గయ్యపేట

తమ్ముడు ఖయ్యూమ్‌కి,

మీ బావ రోజువారీ కుర్తాలకి గుడ్డ ఎంచేది నేను, కుట్టేది నువ్వు. జీన్సు మీదకి పొట్టిగా ఉండాలని, మెడకి తెల్ల పైపింగు వెయ్యమని చెప్పింది నేనే. ఎప్పుడూ మిగిలిన గుడ్డ తెచ్చిచ్చేవాడివి. ఈసారి నీలంగళ్ల గుడ్డలో ముక్క కూడా మిగల్లేదన్నావు.

మొన్న నందిగామ బస్టాండులో, నేను కనని పిల్లొకతి మీ బావ చంకనెక్కి ఆయన్ని నాన్నా అంటోంది. ఒంటిమీద నీలంగళ్ల గౌను. మెడకి అదే తెల్ల పైపింగు.

ఆయన్ని ఇంకా ఏమీ అడగలేదు. ఆయన పెళ్లితో వచ్చినవాడు. నువ్వు నాతో ఒకే పళ్లెంలో తిన్నవాడివిరా.

ఈ ఉత్తరంతో ఆ కుర్తా కూడా పంపుతున్నా. కుట్లు విప్పి ఆ పిల్లకి ఇంకో గౌను కుట్టు. గుడ్డ సరిపోతుందిలే.

మీ అక్క