అమ్మ మోసిన మాటలు

పుణె,
ఆదివారం

నాయినకు,
ఆంజనేయులు దండాలు పెట్టి రాసుకునేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బర్రె ఈనిందని చెల్లె చెప్పింది, సంతోషం. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని ఎవరితోనూ చదివించుకోకు. ఐదో తరగతి దాకా చదివినవాడివి, మెల్లగా నువ్వే చదువుకో.

ఇక్కడ వానలు విడవడం లేదు. సెంట్రింగ్ పని ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు. రేకుల షెడ్డులో బట్టలు ఆరవు. జొన్నరొట్టె దొరుకుతుంది గానీ మన కారం లేనిది తిన్నట్టే ఉండదు. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం కారంపొడి పంపు. ఒంట్లో బాగానే ఉంది, రంది పెట్టుకోకు.

పోయిన ఆదివారం పని లేక కోడేరు యాదగిరి తన ఫోన్లో ఒక సినిమా పెట్టాడు. అందరం చుట్టూ చేరాం. అందులో ఒక ఇల్లు, ఇంటినిండా తిక్కమనుషులే. ఒకరితో ఒకరికి మాటల్లేవు. తండ్రి కొడుకుతో ఏం చెప్పాలన్నా కోడిపుంజుకు చెబుతాడు. "పుంజూ, గొడుగు తీసుకుపొమ్మను వాణ్ణి" అంటాడు. కొడుకు కూడా పుంజును చూసే "నాకేం అక్కర్లేదను" అంటాడు. షెడ్డంతా ఒకటే నవ్వులు. యాదగిరి నా వీపు చరిచి "ఏందిరా, గిట్ల గూడ ఉంటరా మనుషులు?" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బయటికొచ్చి నీళ్ల డ్రమ్ము దగ్గర కూర్చుని ఏడ్చాను.

మనం అంతకంటే తిక్కవాళ్లం కదా నాయినా. మేస్త్రీ వెంట పుణె పోతానంటే "పోతే నాతోని మాట్లాడకు" అన్నావు. ఆ మాట మీదే నువ్వు నిలబడ్డావు. నీ పోలికే కాబట్టి నేనూ నిలబడ్డాను. పీర్ల పండుగకు వచ్చినప్పుడల్లా పక్కపక్కనే కూర్చుని తినేవాళ్లం. "వాన్ని ఇంకింత ఏసుకొమ్మను" అని నువ్వు అమ్మతో అనేవాడివి. "చాలని చెప్పమ్మా" అని నేను అమ్మతోనే అనేవాణ్ణి. "చాలంటుండు" అని ఆమె మళ్లీ నీకు చెప్పేది. ఒకసారి విసుగొచ్చి "మీ మాటలు మొయ్యనీకేనా నేనున్నది? నోర్లు లేవా మీకు?" అని గంటె విసిరేసింది. ఆరోజు ముగ్గురం నవ్వాం. అయినా మనిద్దరం మాట్లాడుకోలేదు.

అమ్మ పోయిన రోజు నేను బస్సు దిగి వచ్చేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నువ్వు తల దగ్గర కూర్చున్నావు. నన్ను చూసి, అమ్మ చెవి దగ్గరికి వంగి, "జర వాన్ని నీళ్లు తాగమను, ఎప్పుడు తిన్నడో ఏమో" అన్నావు. నేనూ అమ్మ మొహంకేసే చూశాను, చెబుతుందేమోనని. అప్పుడు తెలిసింది నీకు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నావు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు నాయినా.

దినాలు కాగానే ఒక్క మాట కూడా లేకుండా వచ్చేశాను. ఎవరికి చెప్పి రావాలో తెలియలేదు. మొన్న అలంపూర్ నుంచి నిన్ను చూడటానికి వచ్చిన చెల్లె ఫోన్లో ఏడ్చింది. పొయ్యి ముందు కూర్చుని "నీ కొడుకు ఎట్లున్నడంట?" అని అమ్మ కూర్చునే ఖాళీ పీటను అడుగుతున్నావట. అలా అడగకు, నాయినా. నేను ఉన్నాను కదా, నన్ను అడుగు.

పెదనాయినకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. వచ్చే ఆదివారం పొద్దున ఫోను చేస్తాను. మాట్లాడకపోయినా సరే, ఎత్తి చెవి దగ్గర పెట్టుకో. నీ దగ్గు వినిపించినా నాకు ధైర్యమే. ఒకవేళ మాట వస్తే మింగకు. ఎందుకు పోయావని తిట్టు, ఎంతసేపైనా తిట్టు. కానీ నన్నే తిట్టు నాయినా. చెప్పి పంపడానికి మన మధ్య ఇంకెవరూ లేరు.

నీ దీవెన కోసం చూసే,
ఆంజనేయులు