దేవుని డబ్బా

2007 జూన్ 4, సోమవారం
బియ్యం కడిగే ముందు దేవుని డబ్బాలో పిడికెడు వేశాను. నెలాఖరుకు చర్చికి ఇచ్చేది అది. పిడికెడుతో పాటు ఒక దిగులు కూడా అందులో వేసి మూత పెడతాను. నా అలవాటు. ఈ రోజు మూడు పిడికిళ్లు. మూడూ సునీత కోసమే. పురిటికి వచ్చిన నా బిడ్డకు ఎనిమిదో నెల. ఇంతకు ముందు రెండుసార్లూ కడుపు నిలవలేదు...

జూన్ 6
నాలుగు. అల్లుడు ఫోన్ ఎత్తలేదు. హైదరాబాదులో అద్దాల బిల్డింగులకు టైల్సు వేయిస్తాడు — ఎన్నో అంతస్తులో ఉన్నాడో. సాయంత్రం ఎత్తాడు. నిద్రపోయాడట.

జూన్ 9
ఈ పిడికిళ్లు నా వంతు బియ్యంలోంచే తీస్తున్నాను. మా ఆయన నా కంచం చూశాడు. "డబ్బా బలుస్తాంది, నువ్వు బక్కగైతున్నవ్."

జూన్ 13, బుధవారం
కందిపప్పుకు గాంధీ గంజ్ బజారుకు పోయి వచ్చేసరికి పాస్టరయ్య, పాస్టరమ్మగారు మా ఇంట్లో అన్నం తింటున్నారు. సునీత కోసం ప్రార్థన చేయడానికి వచ్చారట. బస్తాలో బియ్యం అయిపోయాయని పిల్ల దేవుని డబ్బా వంచేసింది. అడుగున కాసిని గింజలు. దేవునికి ఇచ్చిన దిగుళ్లన్నీ వండి వడ్డించేసింది!
ఆపుకోలేక అంతా చెప్పేశాను. ఏ పిడికెడు దేనికో కూడా. పాస్టరయ్య నవ్వలేదు. చారు పోయించుకున్నాడు. "ఒక్క దిగులుకే మళ్ల మళ్ల ఏస్తున్నవంటే, మొదటిది దేవునికి ఇచ్చినట్టా, ఇయ్యనట్టా అమ్మా?"
సునీత మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. "మంచిగనే ఉడికినయమ్మా నీ దిగుళ్లు. నేనైతే రెండుసార్లు పెట్టుకున్న."
ఎన్నాళ్లయింది దాని నవ్వు విని.

జూన్ 14
ఒక్కటే. మా ఆయన తెచ్చిన కొత్త బస్తాలోకి చెయ్యి మళ్లీ పోయింది... వెనక్కి తీశాను. కడుపు నిండా తిన్నాను.

జూన్ 25
పిల్లకు కాళ్లు వాచాయి. రెండు వేశాను. రెండోది తీసి ఎసట్లో పోశాను. ప్రభువా, తప్పయితే క్షమించు.

జూన్ 30
ఒకటే. మధ్యాహ్నం నిద్ర కూడా పట్టింది.

జూలై 9, సోమవారం
ఆసుపత్రి వరండా. పొద్దున పిడికిట్లో బియ్యం ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. ఆటో, బట్టల సంచి, బైబిలు, ఈ నోటుబుక్కు — పిడికిలి మాత్రం అట్లాగే. లోపలికి పోతూ సునీత నా చెయ్యి పట్టుకోబోయింది. చూసి, ఆ నొప్పిలోనే నవ్వింది. "ఈడికి గూడ తెచ్చినవా అమ్మా?"
తలుపు వేశారు.
అల్లుడు బస్సులో ఉన్నాడు. జహీరాబాద్ దాటాడట. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోడు.
రాద్దామంటే పెన్ను పట్టుకోవాలి గదా. పిడికిలి విప్పాను. బియ్యం చెమటకు తడిశాయి. కొంగున ముడి వేశాను. ఇవి ఈ రోజువి. ఇక వేరే పిడికెడు లేదు.
భయం ఉంది. చెయ్యి మాత్రం తేలిగ్గా ఉంది.
అరచేతిలో ఒక్క గింజ అంటుకుని ఉంది. దులపలేదు. తలుపు ఇంకా తీయలేదు...