పెరేడ్‌లో రబ్బరు చెప్పులు

బావకి,

నేను కులాసాగానే ఉన్నాను, పాదాలు తప్ప. సైన్యం వదిలేస్తానని కాగితం పెట్టాను. ఆ మాట అక్కకి నువ్వే మెల్లగా చెప్పు.

వెళ్ళిపోయేవాడు సామానంతా స్టోరులో అప్పజెప్పాలి. జాబితాలో ముందు బూట్లున్నాయని ముందు అవే ఇచ్చేశాను. విడుదలకి ఇంకా నలభై రోజులున్నాయని తర్వాత చెప్పారు. తిరిగిమ్మంటే స్టోరు గుమాస్తా, "పోయేవాడికి బూట్లెందుకు?" అన్నాడు. అందుకని పెరేడ్‌లో రబ్బరు చెప్పులతో నిలబడుతున్నాను.

మొన్నటిదాకా నా కంచంలో చెయ్యి పెట్టినవాళ్ళు ఇప్పుడు నాకేదో అంటురోగం ఉన్నట్టు దూరంగా కూర్చుంటున్నారు. సార్జెంటుగారైతే రోజూ నన్ను వరస ముందుకి పిలిచి, "పిరికివాడి కాళ్ళు చూడండి" అని కొత్తవాళ్ళకి చూపిస్తున్నారు. నా తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయనకి కనిపించింది ఈ చెప్పులే.

నిన్న నేను మరుగుదొడ్లు కడుగుతుంటే ఆయనే లోపలికొచ్చి, గడియ పెట్టి, "ఆ కాగితం ఎలా రాయాలిరా? ఇంట్లో పోరు పడలేకపోతున్నాను" అని అడిగారు. చెయ్యి తుడుచుకుని రాసిచ్చాను. బూట్ల సంగతి మాత్రం చెప్పలేదు.

నాకు తొమ్మిదో నంబరు నల్ల బూట్లు వెంటనే పంపు. ఏడో నంబరు జత కూడా ఒకటి పెట్టు, అది సార్జెంటుగారికి. ఆయన కూడా ఒక వారం చెప్పులతో నిలబడ్డాక ఇస్తాను.

ఇట్లు,
నీ బామ్మర్ది