ఉప్పల్ సైట్‌కు రెడ్

ఫిబ్రవరి 3, సోమవారం

ఉప్పల్‌లో కొత్త అపార్ట్‌మెంట్ సైట్ చూసి వచ్చాను. కాంట్రాక్టర్లు భద్రత ఎలా పాటిస్తున్నారో చూసి, ఎక్కడ ఎవరికి దెబ్బ తగలవచ్చో ముందే చెప్పడం నా ఉద్యోగం. ఇక్కడ చెప్పడానికి ప్రమాదాలు లెక్కగట్టే మా సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. ఎనిమిదో అంతస్తు అంచున రేలింగ్ లేదు. లిఫ్ట్ గుంత మీద పల్చటి ప్లైవుడ్. సేఫ్టీ బెల్టులు స్టోర్‌లో తాళం వేసి ఉన్నాయి, కవర్లు కూడా చింపలేదు. వాడితే పాడవుతాయట! కాంట్రాక్టర్ గంగాధరరావు మాట. మనుషులు పాడైతే?

రెడ్ స్కోర్ ఇచ్చాను. మూడు నెలల్లో ఎవరో ఒకరు పడతారని రిపోర్టులో రాశాను.

ఫిబ్రవరి 5

నాచారం ఆఫీసు. మేనేజర్ ఉమ మేడం రెడ్‌ను ఎల్లో చేయమంది. రెడ్ ఉంటే బిల్డర్ పని ఆపాలి, మళ్లీ మనల్ని పిలవడు అంది. రేలింగ్ కట్టించమనండి, నేనే మారుస్తాను అన్నాను. ఆమె ముఖం మాత్రం వెంటనే రెడ్ అయింది.

ఫిబ్రవరి 6

నా లాగిన్ పనిచేయడం లేదు. స్కోర్ ఎల్లో అయిందట.

ఫిబ్రవరి 7

లీవ్ పెట్టి పొద్దున్నే సైట్ గేటు దగ్గర నిలబడ్డాను. పనికి వచ్చినవాళ్లకల్లా చెప్పాను: నేనిచ్చింది రెడ్, దాన్ని మార్చారు, పైకి వెళ్తే పడతారు. చెంగిచెర్ల నుంచి ప్లాస్టరింగ్‌కు వచ్చే నీలవేణి నన్ను నిలదీసింది.

"మీరు జెప్పి పోతరు మేడం. రేపు మమ్మల్ని పనిలకెల్లి తీసేస్తె ఎవలొస్తరు?"

వెళ్లకుండా అక్కడే ఇసుక కుప్ప మీద కూర్చున్నాను. కాసేపు చూసి తనూ వచ్చి కూర్చుంది. తర్వాత మేస్త్రి బాలనర్సింహ. తర్వాత అందరూ.

గంగాధరరావు కారు దిగుతూనే అరిచాడు. పోలీసులకు పట్టిస్తానన్నాడు. పిలవండి అన్నాను. నీలవేణి లేచింది.

"బెల్టులియ్యి సారూ, రేలింగ్ గట్టు. గప్పుడే ఎక్కుతం. లేకుంటె నువ్వే ఎక్కి జేస్కో."

దించుకునేవాళ్లు లేక రోడ్డు మీద కాంక్రీటు లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆలస్యమైతే కాంక్రీటు గట్టిపడుతుంది. మధ్యాహ్నానికి స్టోర్ తాళం తీశాడు. సాయంత్రానికి వెల్డర్లు పైన రేలింగ్ పని మొదలుపెట్టారు.

ఫిబ్రవరి 10

మెమో ఇచ్చారు. మళ్లీ అయినా ఇదే చేస్తానని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం తీసేస్తే నేను బయట మాట్లాడతానని వాళ్లకు భయం. తీయలేదు.

మే 9

అప్రైజల్. ఉమ మేడం నా రేటింగ్ తగ్గించింది. మూడు నెలలు దాటినా ఉప్పల్‌లో ఒక్కరూ పడలేదట, నా అంచనా తప్పిందట.

"అవును మేడం, తప్పింది" అన్నాను.