గెడ్డ మీది టర్బైన్‌ను విప్పవద్దు, ఫణీంద్ర గారిని శిక్షించవద్దు

గిరి సౌర పథకం జిల్లా అధికారి గారి సముఖమునకు,
పెదగెడ్డవలస గ్రామస్తుల తరఫున ఆశా కార్యకర్త గెమ్మెలి రత్న సమర్పించు అర్జీ.

విషయం: మా గెడ్డ మీది పాత టర్బైన్‌ను విప్పి తీసుకుపోవలెనన్న ఉత్తర్వును నిలుపుదల చేయుట, దానిని అనుమతి లేకుండా నడిపినందుకు ఇంజనీరు ఫణీంద్ర గారికి ఇచ్చిన మెమోను రద్దు చేయుట గురించి.

అయ్యా,

1. మాది అరకు సంతకు దిగే కొండదారి మీది చిన్న ఊరు. రాగులు, కాఫీ, మిరియాలు మా జీవనాధారం. పూర్వం ఒక స్వచ్ఛంద సంస్థ వారు మా కొండవాగు గెడ్డ మీద చిన్న టర్బైన్ పెట్టి మాకు కరెంటు ఇచ్చియున్నారు. వానాకాలంలో అది అడగకుండానే తిరిగేది. ఎండాకాలంలో గెడ్డ సన్నబడి, ఎంత బతిమాలినా తిరిగేది కాదు. పైగా దాని కాలువలోకి నీరు మళ్లిస్తే తన మడికి చాలడం లేదని గాసి అనే రైతు ఏటా ఊరందరితో తగవు పెట్టుకునేవాడు. కాబట్టి టర్బైన్ మచ్చలేనిదని మేము చెప్పుట లేదు.

2. తరువాత తమ పథకం కింద సోలార్ పలకలు వచ్చినవి. ఎండాకాలమంతా ఫ్యాన్లు తిరిగినవి, సంతోషించితిమి. ప్రారంభోత్సవం మార్చి నెలలో జరిగినది. పెద్దలందరూ నల్ల కళ్లద్దాలు పెట్టుకొని వచ్చినందున, ఈ కొండ మీద ఎండకు లోటు లేదని వారికి తోచుట సహజమే. ఆషాఢం నుండి ఇక్కడ మబ్బు నేలకు దిగి, ఎదురింటి మనిషి కూడా కనబడడన్న సంగతి వారు అడగలేదు. మేమూ చెప్పలేదు. చుట్టం వచ్చిన పూట ఇంటి చూరు కారుతుందని ఎవరు చెబుతారు?

3. వానలు పట్టాక బ్యాటరీలు నిండటం మానేసినవి. చూసిపోవుటకు ఫణీంద్ర గారు రావడం మొదలుపెట్టిరి. వారిది పార్వతీపురం దగ్గర పల్లె. వారు ప్రతి ఇంటి గుమ్మంలో నిలబడి “లైట్లు ఆపండి, పొదుపు చేయండి” అని చెప్పినందున పిల్లలు వారికి ‘లైట్లాపు బాబు’ అని పేరు పెట్టిరి. బ్యాటరీలు నిండకపోవుటకు మబ్బుతో పాటు ఇంకొక కారణం కూడా వారు కనిపెట్టిరి. పలకల పక్కన రాజులమ్మ కాఫీ తోట ఉన్నది. కాఫీకి నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, కాస్త ఎండ వచ్చిన పూట కూడా పలకల మీద పడుచున్నది. ఆ చెట్ల వరస తీయించమని వారు అడగ్గా జరిగిన సంభాషణ నేను స్వయంగా విన్నాను.

“సెట్లు తీసేత్తే నా కాఫీ మాడిపోదేటి, బాబూ?”

“ఊరందరికీ కరెంటు వస్తాది కదా, మామ్మా.”

“కరెంటు పోసి కాఫీ పెంచుతావేటి?”

ఫణీంద్ర గారు ఆమె ఇచ్చిన కాఫీ తాగి, ఆమె చేతిలోనే చెట్ల నోటీసు పెట్టి వెళ్లిరి. కాఫీకి నీడ కావాలి, పలకకు ఎండ కావాలి. ఇద్దరిలో ఎవరిది తప్పో మేము నేటికీ తేల్చలేకపోయినాము.

4. సోలార్ వచ్చినందున టర్బైన్ అవసరం లేదని తమ కార్యాలయం తీర్మానించినది. వానలకు ముందే దాని తీగ తెంపించినారు. శ్రావణంలో దానిని విప్పించుటకు ఫణీంద్ర గారినే పంపినారు. వారు ఊరు చేరిన సాయంత్రమే ముసురు పట్టి, గెడ్డ పొంగి, దారి మునిగిపోయినది. వారు సెలవు పెట్టకుండా గైర్హాజరైనట్లు తమ రికార్డులో ఉన్నదట. వారు మా ఇంట్లో రాగి అంబలి తాగుచూ హాజరుగానే ఉన్నారు.

5. ఇకపై వ్రాయునది తాము కొంచెం నిదానంగా చదవవలెనని ప్రార్థన. రాజులమ్మకు చిట్టి అనే మనవరాలు ఉన్నది, గాసి కూతురు. చలిగాలికి ఆ గుంటకు ఆయాసం వచ్చును. అందుకని నర్సమ్మ గారు నెబులైజర్ యంత్రాన్ని, మందును నా ఇంట్లో ఉంచి, పట్టే విధానం నాకు నేర్పించియున్నారు. ముసురు విడవని ఒక ఉదయం గాసి చిట్టిని భుజాన వేసుకొని పరుగున వచ్చెను. పిల్ల పక్కటెముకలు లోపలికి పోతున్నవి. మాట రావడం లేదు. నేను మందు పోసి, మాస్కు పెట్టి, స్విచ్ వేసితిని. యంత్రం కదల్లేదు. బ్యాటరీలు పూర్తిగా అయిపోయినవి. దారి లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. అయ్యా, ఆ స్విచ్‌ను నేను పిచ్చిదానిలా మళ్లీ మళ్లీ నొక్కితిని.

6. అంతలో బయట కేకలు. రాజులమ్మ గొడ్డలి పట్టుకొని తన చెట్ల మీదికి పోవుచున్నది. “నా సెట్ల వల్లే నా గుంటకి ఊపిరి ఆడటం లేదు, నరికేత్తాను” అని ఏడుస్తున్నది. మొదటి చెట్టుకు ఒక దెబ్బ పడినది కూడా. ఆ చెట్లు తీయమని నోటీసు ఇచ్చిన ఫణీంద్ర గారే వానలో పరుగెత్తి గొడ్డలి పట్టుకొనిరి.

“వద్దు మామ్మా! ఇప్పుడు నరికినా ఎండ రాదు. మబ్బుంది.”

“మరి నరకమన్నది నువ్వే కదరా!”

“నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. గొడ్డలి ఇలాగివ్వు. గాసీ, పార పట్టుకొని నాతో రా.”

7. తాను విప్పుటకు వచ్చిన టర్బైన్ దగ్గరకే వారు పరుగెత్తిరి. తన మడి నీళ్ల కోసం ఏటా పోట్లాడిన గాసి తన పారతోనే గట్టు తెగ్గొట్టి గెడ్డను కాలువలోకి వదిలెను. కాలువ మూతి దగ్గర ఆకులు అడ్డుపడగా నడుము లోతు నీటిలో నిలబడి చేతులతో తీసెను. ఫణీంద్ర గారు ముందుగా సోలార్ వైపు స్విచ్చులన్నీ ఆపి, తెగిన తీగను కలిపిరి. చక్రం తిరిగినది. అయితే పరీక్షకు పెట్టిన బల్బు భగ్గుమని వెలిగి పటక్కున పేలినది. వరద నీటి జోరుకు కరెంటు ఎక్కువగా వచ్చుచున్నదట. దానిని తగ్గించాలంటే వాడకం పెంచాలట. అప్పుడు లైట్లాపు బాబు ఊరంతా పరుగెత్తుతూ ఇలా అరిచిరి: “లైట్లు వేయండి! ఫ్యాన్లు వేయండి! అన్నీ వేయండి!” ఈశ్వరమ్మ అనే ముసలామె “ఈ బాబుకి మతి పోయినాది” అంటూనే వెళ్లి తన టీవీ కూడా పెట్టినది. పట్టపగలు ఊరంతా లైట్లు వెలుగుతుండగా, వారు మీటరు చూసి “ఇప్పుడు పెట్టు, రత్నా” అనిరి. యంత్రం గుర్రుమన్నది. మాస్కులో పొగలా మందు లేచినది. కొంతసేపటికి చిట్టి కళ్లు తెరిచి మొదట అడిగిన మాట, “టీవీలో ఏటొత్తంది?”

8. నీరు తీశాక చిట్టిని ఆసుపత్రికి చేర్చితిమి. ఇప్పుడు బడికి పోతున్నది. ఫణీంద్ర గారు కార్యాలయానికి వెళ్లి, జరిగినదంతా దాచకుండా రిపోర్టు వ్రాసిరి. దాచియుంటే మెమో వచ్చెడిది కాదు. పనికిరానిదని తేల్చిన యంత్రాన్ని అనుమతి లేకుండా కలిపి నడిపినారని ఇప్పుడు వారిని సంజాయిషీ అడిగినారు.

9. కావున మా కోరికలు. టర్బైన్‌ను విప్పకుండా బాగుచేయించి, వానాకాలంలో దానిని, ఎండాకాలంలో సోలార్‌ను వాడుకోనివ్వవలెను. నీటి వాటా సంగతి గాసి, ఊరివాళ్లు కూర్చొని మాట్లాడుకున్నారు. నాట్లప్పుడు పగలు మడికి, రాత్రి టర్బైన్‌కు. పిల్లకు ఆయాసం వస్తే పగలూ రాత్రీ టర్బైన్‌కే. చెట్లు నరకకుండా పలకలను ఎగువనున్న రాగి చేలోకి జరపవలెను. అందువల్ల ఆ మేరకు రాగులు తగ్గును, తెలిసే ఒప్పుకున్నాము. కొండ కొమ్మున గాలిమరలు కూడా పెడతారని వినికిడి. పెట్టే ముందు గాలి ఏ నెలల్లో వీచునో మమ్మల్ని ఒక మాట అడగవలెను. ఏ కరెంటైనా ఏదో ఒకటి తీసుకోకుండా రాదని మాకు అర్థమైనది. ఏమి తీసుకొనునో ముందుగా చెప్పినచో బేరమాడుకొందుము.

10. ఫణీంద్ర గారు నియమం తప్పిన మాట నిజము. తెలిసే తప్పినారు. ఆయన మంచి మనిషి.

ఇదంతా ఎండ కాసే గదిలో కాక, వీలైతే ఒక ముసురు రోజున మా ఊరికి విచ్చేసి, మా చూరు కింద కూర్చొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మెమో రద్దయ్యేవరకు మరింత విధేయురాలు,
గెమ్మెలి రత్న

తా.క.: ఇంజనీరింగ్ మాటలు తప్పు పోకుండా చూడమని ఈ అర్జీని ఫణీంద్ర గారికే చూపించితిమి. “నా కోసం పంపొద్దు, ఊరి కోసమైతే పంపండి” అన్నారు. టర్బైన్ గురించి మేము వ్రాసిన దానిలో ఏమీ మార్చలేదు. పదో అంశంలో చివరి వాక్యాన్ని మాత్రం ఎర్ర సిరాతో కొట్టివేసి వెళ్లిపోయిరి. అది చూసి రాజులమ్మ, “ఆడెవడు కొట్టేయడానికి?” అని, సరిగ్గా ఆ గీత మీదే తన వేలిముద్ర వేసినది. కావున ఆ వాక్యము చెల్లును.